సగం గులక, సగం సిల్టు, పైగా గడ్డకట్టే నేల: లేహ్‌లో పునాది ఎంత లోతు?

మీ ప్రశ్నలోని వివరాలను మొదట ఒకచోట పెడతాను, ఎందుకంటే సమాధానమంతా వాటి మీదే ఆధారపడి ఉంది. మీరు విశాఖపట్నంలో మధురవాడ, ఎండాడ ప్రాంతాల ఇళ్లకు డిజైన్లు చేసిన ఇంజనీరు. ఇప్పుడు లడఖ్‌లోని లేహ్ పట్టణం అంచున రెండంతస్తుల అతిథిగృహం కట్టే పని మీ చేతికి వచ్చింది. స్థలంలో రెండు పరీక్ష గోతులు తవ్వించారు. ఉత్తరం వైపు గోతిలో అడుగు దాకా గులకరాళ్లు కలిసిన గట్టి ఇసుక కనిపించింది. దక్షిణం వైపు గోతిలో 0.7 మీటర్ల కింద బూడిద రంగు సిల్టు (ఇసుక కంటే సన్నని, బంకమట్టి కంటే ముతకైన మట్టి) మొదలైంది, మీరు తవ్వకం ఆపిన 1.5 మీటర్ల దగ్గర కూడా అదే ఉంది. దక్షిణపు హద్దు వెంట సాగునీటి కాలువ పారుతోంది. చలికాలంలో అతిథిగృహాన్ని మూసి ఉంచుతారు. విశాఖలో వేసినట్లే 5 అడుగుల లోతున విడి ఫుటింగులు (ఒక్కో స్తంభం కింద విడిగా వేసే కాంక్రీటు పాదాలు) వేస్తే చాలునా, అక్కడి ఫ్రాస్ట్ లైను (చలికాలంలో నేల గడ్డకట్టే లోతు) ఎన్ని అడుగులు అని అడిగారు.

నేరుగా చెప్పాలంటే, ఉత్తరం వైపు 5 అడుగులు బహుశా సరిపోతాయి. దక్షిణం వైపు 7 అడుగులు తవ్వినా సరిపోకపోవచ్చు. ఒకే భవనానికి రెండు జవాబులు రావడమే ఇక్కడి అసలు సమస్య. మీరు లోతును అడిగారు గాని, నేల గడ్డకట్టినప్పుడు పునాది లేస్తుందా లేదా అన్నది మట్టి రేణువుల పరిమాణం, అందుబాటులో ఉన్న నీరు, భవనం నుంచి నేలలోకి దిగే వేడి అనే మూడు విషయాలు కలిసి తేల్చే సంగతి. అందువల్ల లోతును చివరకు ఉంచి, మట్టితో మొదలుపెడతాను.

నీరు మంచుగా మారినప్పుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుందని అందరికీ తెలుసు. నేల పొంగడానికి అదే కారణమని చాలామంది ఇంజనీర్లు కూడా నమ్ముతారు. ఆ లెక్క ప్రకారం చూస్తే, మట్టి పరిమాణంలో 40 శాతం రంధ్రాలు ఉండి అవన్నీ నీటితో నిండి ఉన్నా, మీటరు మందం గడ్డకడితే రావలసిన పొంగు 36 మిల్లీమీటర్లు. చలి ప్రాంతాల్లో సిల్టు నేలలు అంతకు ఎన్నో రెట్లు లేస్తాయి. స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త 1930 ప్రాంతంలో నీటికి బదులు, గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోయే బెంజీన్‌ను మట్టికి పట్టించి ప్రయోగం చేశాడు. అప్పుడు కూడా నేల పొంగింది. కాబట్టి కారణం నీటి వ్యాకోచం ఒక్కటే కాదు. గడ్డకడుతున్న సరిహద్దు దగ్గర మట్టి కింది నుంచి నీటిని పైకి పీల్చుకుంటుంది, ఆ నీరు పలుచని మంచు పొరలుగా పేరుకుంటుంది, ఒక్కొక్క పొర మందమయ్యేకొద్దీ పైనున్నదంతా లేస్తుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు సిల్టు నీటిని లాగుతుంది. ఇసుక, గులక రంధ్రాలు పెద్దవి కాబట్టి వాటికి ఆ లాగే శక్తి ఉండదు. చిక్కని బంకమట్టికి లాగే శక్తి ఎక్కువే గాని అందులో నీరు నడిచే వేగం తక్కువ. లాగగలిగీ, త్వరగా నడిపించగలిగీ ఉన్నది సిల్టు. అందుకే అదే అన్నిటికంటే ప్రమాదకరం.

ఏ మట్టి ఇలా ప్రవర్తిస్తుందో గుర్తించడానికి మట్టి శాస్త్ర ఇంజనీరు ఆర్థర్ కాసాగ్రాండే 1930ల మొదట్లో ఇచ్చిన కొలత ఈనాటికీ మొదటి జల్లెడగా పనికివస్తుంది. రకరకాల పరిమాణాల రేణువులు కలిసి ఉన్న మట్టిలో 0.02 మిల్లీమీటర్ల కంటే సన్నని రేణువులు 3 శాతం మించితే, దాదాపు ఒకే పరిమాణపు రేణువులున్న మట్టిలో అవి 10 శాతం మించితే, దాన్ని పొంగే నేలగా అనుమానించాలి. మన ప్రయోగశాలలు సాధారణంగా 75 మైక్రాన్ల జల్లెడ దగ్గర ఆగి, దిగువకు పోయినదంతా సన్నమట్టి అని రాసి ఊరుకుంటాయి. లేహ్ పనికి అది చాలదు. రెండు గోతుల మట్టికీ హైడ్రోమీటర్ పరీక్ష (రేణువులు నీటిలో దిగే వేగాన్ని బట్టి వాటి పరిమాణం తేల్చేది) తప్పక చేయించండి. ముఖ్యంగా ఉత్తరం వైపు గులక శుభ్రమైనదని కంటితో చూసి నిర్ధారించుకోకండి. చేతికి గరుకుగా తగిలే గులకలో కూడా 5 శాతం సిల్టు దాగి ఉండవచ్చు. ఆ 5 శాతమే దాని స్వభావాన్ని మార్చేస్తుంది.

ఇప్పుడు లోతు. నేల ఎంత లోతు గడ్డకడుతుందో అంచనా వేయడానికి స్టెఫాన్ సూత్రం ఉంది: గడ్డకట్టిన మట్టి ఉష్ణవాహకతను 2తో గుణించి, చలికాలపు ఫ్రీజింగ్ ఇండెక్స్‌తో (రోజులను సెకన్లలోకి మార్చి) గుణించి, మట్టిలోని నీటి గుప్తోష్ణంతో (అది గడ్డకట్టేటప్పుడు వదిలే వేడితో) భాగించి, వర్గమూలం తీయాలి. ఫ్రీజింగ్ ఇండెక్స్ అంటే సున్నా కంటే దిగిన ప్రతి రోజు సగటు ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు దిగిందో ఆ అంకెలన్నిటి మొత్తం. ఉదాహరణకు ఆ మొత్తం 500 డిగ్రీ-రోజులు అనుకుందాం. ఇది లెక్క చూపడానికి తీసుకున్న అంకె మాత్రమే, మీ స్థలానికి దగ్గరలోని వాతావరణ కేంద్రం నుంచి అనేక సంవత్సరాల రోజువారీ ఉష్ణోగ్రతలు తీసుకుని, వాటిలో అతి చల్లని చలికాలాలతో మీరే లెక్కకట్టాలి. పొడి సాంద్రత ఘనమీటరుకు 1600 కిలోలు, తేమ 15 శాతం ఉన్న సిల్టులో, కిలో నీటికి 334 కిలోజౌళ్ల చొప్పున ఘనమీటరుకు 80 మెగాజౌళ్ల గుప్తోష్ణం ఉంటుంది. ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 2 వాట్లు అని తీసుకుంటే లోతు 1.47 మీటర్లు వస్తుంది. అదే చలికాలానికి 1800 కిలోల సాంద్రత, 5 శాతం తేమ, 1.5 ఉష్ణవాహకత ఉన్న గులకలో గుప్తోష్ణం 30 మెగాజౌళ్లే, లోతు దాదాపు 2.1 మీటర్లు వస్తుంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పొడి గులకలోకి చలి ఎక్కువ లోతుకు దిగుతుంది, అయినా అక్కడ పెద్దగా ఏమీ జరగదు, ఎందుకంటే లాగడానికి నీరు లేదు, లాగే రంధ్రాలూ లేవు. తడి సిల్టులోకి చలి తక్కువ లోతే దిగుతుంది, ఎందుకంటే ప్రతి మిల్లీమీటరు నీటినీ గడ్డకట్టించడానికి చలి తన శక్తిని ఖర్చు పెట్టాలి; కాని నష్టమంతా అక్కడే జరుగుతుంది. కాబట్టి ఫ్రాస్ట్ లైను ఇన్ని అడుగులు అని ఊరంతటికీ ఒకే అంకె చెప్పేవారి మాటను పట్టుకుని డిజైన్ చేయకండి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు నిబంధనల్లో ఉత్తర భాగానికి 60 అంగుళాలు, దక్షిణ భాగానికి 42 అంగుళాలు అని ఉంటుంది; అవి అక్కడి వాతావరణం, అక్కడి అనుభవం మీద స్థిరపడిన కనీస లోతులు. వాటిని తెచ్చి లడఖ్‌లో వాడడానికి ఆధారమేమీ లేదు. స్టెఫాన్ సూత్రం నేల మొదటినుంచీ సున్నా డిగ్రీల దగ్గరే ఉందని అనుకుంటుంది కాబట్టి సాధారణంగా లోతును కొంత ఎక్కువగానే చూపుతుంది; పునాదికి అది సురక్షితమైన వైపే. కాని ఎండ తగలని ఉత్తరపు గోడ పక్కన, మంచు ఊడ్చేసిన మెట్ల దగ్గర చలి మిగతా చోట్ల కంటే లోతుకు దిగుతుందని గుర్తుంచుకోవాలి. పేరుకున్న మంచు నేలకు దుప్పటిలా పనిచేస్తుంది గాని, ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వర్షపాతమే ఉన్న లేహ్‌లో ఆ రక్షణను లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది.

మన వైపు లంబసింగిలో గడ్డి మీద తెల్లని మంచు పట్టడం చూసినవారికి చలి నేలను ఏమీ చేయదనిపించడం సహజమే. అక్కడ తెల్లవారుజామున కొన్ని గంటలు ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతుంది, పొద్దెక్కగానే నేల వేడెక్కుతుంది, చలి మట్టిలోకి దిగే వ్యవధే ఉండదు. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో రోజు సగటు ఉష్ణోగ్రత వారాల తరబడి సున్నా కిందే ఉంటుంది. పునాదికి హాని చేసేది ఒక రాత్రి ఎంత చల్లగా ఉందన్నది కాదు, చలి ఎన్నాళ్లు నిలిచిందన్నది.

ఇక మీ స్థలంలోని అసమానత గురించి. నేలంతా ఒకే రకంగా బలహీనంగా ఉంటే భవనం మొత్తం ఒకే రకంగా కుంగుతుంది, దాన్ని తట్టుకోవచ్చు. ఒక వైపు గట్టి నేల, మరో వైపు మెత్తని నేల ఉంటే ఫ్రేము విరుగుతుంది. భారతీయ ప్రమాణం (ఐఎస్) 1904 ప్రకారం విడి ఫుటింగుల మీద నిలిచే కాంక్రీటు ఫ్రేము భవనంలో ఇసుక లేదా గట్టి బంకమట్టి మీద మొత్తం కుంగుబాటు 50 మిల్లీమీటర్ల దాకా అనుమతించినా, రెండు స్తంభాల మధ్య తేడా వాటి దూరంలో 666వ వంతు మించరాదు. 4 మీటర్ల దూరానికి అది 6 మిల్లీమీటర్లు మాత్రమే. ఇప్పుడు మీ రెండు చివరలకూ లెక్క చూద్దాం. 1.6 మీటర్ల చదరపు ఫుటింగు మీద 150 కిలోపాస్కళ్ల ఒత్తిడి అనుకుందాం. గట్టి గులకకు స్థితిస్థాపక గుణకం 60 మెగాపాస్కళ్లు, సిల్టుకు 8 అనుకుంటే, ఉత్తరం వైపు కుంగుబాటు 3 మిల్లీమీటర్లు, దక్షిణం వైపు 23 వస్తాయి. తేడా 20 మిల్లీమీటర్లు, అనుమతించినదానికి మూడు రెట్లకు పైనే. రెండు చోట్లా బేరింగ్ కెపాసిటీ (నేల మోయగల ఒత్తిడి) సరిపోయిందని నివేదిక చెప్పినా ఇదే ఫలితం.

ఇలాంటప్పుడు మెత్తని వైపు ఫుటింగును పెద్దది చేద్దామన్న ఆలోచన వెంటనే వస్తుంది. అది ఆశించినంత ఫలం ఇవ్వదు. కుంగుబాటు ఒత్తిడికీ వెడల్పుకూ ఉన్న లబ్ధాన్ని బట్టి ఉంటుంది. అంటే ఒకే బరువుకు అది వెడల్పుతో విలోమంగా తగ్గుతుందే గాని వైశాల్యంతో కాదు. 1.6 మీటర్ల ఫుటింగును 2.4 మీటర్లు చేస్తే కాంక్రీటు వైశాల్యం రెండుంపావు రెట్లు అవుతుంది, కుంగుబాటు మాత్రం 23 నుంచి సుమారు 15 మిల్లీమీటర్లకే తగ్గుతుంది. మధురవాడ కొండవాలులో ఒక చివర ఖోండలైట్ రాయి మీద, మరో చివర లారీలతో తోలించిన గ్రావెల్ మీద నిలిచిన ఇళ్లలో గోడలు వాలుగా చీలడానికి మూలం కూడా ఇదే. అక్కడ నేను ఎప్పుడూ చెప్పే సలహా అన్ని స్తంభాలనూ ఒకే పొర మీదికి తీసుకువెళ్లమనే; తోలించిన మట్టి ఎంత దిమ్మిస చేసినా దాన్ని రాయితో సమానంగా చూడకూడదు. లేహ్‌లోనూ సూత్రం మారదు, దానికి మంచు కూడా తోడవుతుంది.

అందుచేత మొదట చేయవలసినది దక్షిణం వైపు సిల్టు అడుగు ఎక్కడ ఉందో కనుక్కోవడం. 1.5 మీటర్ల దగ్గర ఆగిన గొయ్యి మీకు దాదాపు ఏమీ చెప్పలేదు. ఐఎస్ 1892 సుమారు 0.4 హెక్టారు స్థలానికి నాలుగు మూలలా ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి చొప్పున గోతులో బోర్లో చాలంటుంది, చిన్న భవనాలకు మధ్యలో ఒక్కటైనా చాలునంటుంది. నేల మారుతున్నదని తెలిసిన చోట ఆ ఒక్కటి మోసం చేస్తుంది. కనీసం నాలుగు మూలలా, గులక సిల్టుగా మారే గీత ఎక్కడుందో పట్టుకోవడానికి మధ్యలో రెండు చోట్లా చూడండి. లోతు ఫుటింగు అడుగు నుంచి దాని వెడల్పుకు రెండింతల దాకా, అంటే నేల మట్టం నుంచి దాదాపు 5 మీటర్ల దాకా పోవాలి. లేహ్ లోయలో కొండల నుంచి కొట్టుకొచ్చి విసనకర్ర ఆకారంలో పరుచుకున్న గులక మేటలు, ఒకనాటి సరస్సుల అడుగున పేరుకున్న సన్నని సిల్టు, బంక పొరలు రెండూ ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా రావచ్చు. ఉత్తరం వైపు గులక కింద కూడా సిల్టు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయకూడదు.

పరీక్షల ఎంపికలో రెండు జాగ్రత్తలు. గులకరాళ్ల నేలలో ఎస్‌పీటీ గొట్టానికి (సుత్తి దెబ్బలతో నేలలోకి దించి, దెబ్బలు లెక్కపెట్టే పరీక్ష గొట్టానికి) పెద్ద రాయి తగిలితే దెబ్బల సంఖ్య అమాంతం పెరుగుతుంది; దాన్ని నేల బలంగా తీసుకోరాదు. ప్లేటు లోడ్ పరీక్ష (ఇనుప పలక మీద బరువు పెట్టి కుంగుబాటు కొలవడం) మీద మన వైపు ఉన్న నమ్మకం కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే 300 మిల్లీమీటర్ల ప్లేటు ఒత్తిడి ప్రభావం సుమారు 600 మిల్లీమీటర్ల లోతు వరకే చేరుతుంది. గులక మీద ప్లేటు పెట్టి మంచి ఫలితం తెచ్చుకున్నా, మీటరు కింద ఉన్న సిల్టు గురించి అది ఒక్క మాట చెప్పదు. నేలంతా ఒకే ఇసుక అయినప్పుడు కూడా 2 మీటర్ల ఫుటింగు ఆ ప్లేటు కంటే సుమారు మూడు రెట్లు కుంగుతుంది.

సిల్టు అడుగు 2 నుంచి 2.5 మీటర్ల లోపల ఉండి దాని కింద గట్టి గులక దొరికితే మీ సమస్య చాలావరకు తీరినట్లే. దక్షిణం వైపు సిల్టును పూర్తిగా తీసివేసి ఫుటింగులను గులక మీదికి దించండి, లేదా తీసిన లోతును శుభ్రమైన గులకతో 200 మిల్లీమీటర్ల పొరలుగా దిమ్మిస చేసి నింపి, అన్ని ఫుటింగులనూ ఒకే మట్టంలో వేయండి. ఒక్క పనితో రెండు ప్రయోజనాలు: కుంగుబాటు తేడా పోతుంది, పొంగే మట్టీ పోతుంది. గులక పడక ఫుటింగు అంచు దాటి చుట్టూ కనీసం తన మందంలో సగం ఉండాలి. సిల్టు ఆ గులకలోకి చొరబడకుండా పక్కలకు జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) వేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, సిల్టు మధ్య తవ్వి గులక నింపిన గొయ్యి చుట్టుపక్కల నీటినంతా తనలోకి చేర్చుకుంటుంది. దానికి వాలు వైపు బయటికి పోయే గొట్టం ఇవ్వకపోతే మీరు డబ్బు పెట్టి నీటి నిల్వను తయారు చేసినట్లవుతుంది.

సిల్టు ఇంకా లోతుకు పోయినట్లయితే తవ్వకం పెంచుకుంటూ పోవడం తెలివైన పని కాదు. అప్పుడు భవనాన్ని నేల మారే గీత దగ్గర రెండు ముక్కలుగా విడదీసి, భూకంపానికి తగిన ఖాళీతో జాయింట్ ఇవ్వడం నాకు అన్నిటికంటే నమ్మకమైన మార్గంగా కనిపిస్తుంది. ఉత్తరపు ముక్క విడి ఫుటింగుల మీద, దక్షిణపు ముక్క ఇన్సులేషన్ (వేడిని ఆపే పలకలు) పైన పరిచిన గట్టి రాఫ్టు (కింద అంతటా ఒకే కాంక్రీటు పలక) మీద నిలుస్తాయి. మొత్తానికీ ఒకే రాఫ్టు వేయడమూ ఉంది గాని, సగం గులక మీద, సగం సిల్టు మీద ఉన్న రాఫ్టు ఆ గీత దగ్గర పెద్ద వంపు బలాలను మోయవలసి వస్తుంది, ఇనుము ఖర్చు అందుకు తగ్గట్టే పెరుగుతుంది.

ఇన్సులేషన్ పునాది గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఇంటర్నెట్‌లో దాని బొమ్మలు చూసి ఉంటారు. స్కాండినేవియా దేశాల్లో ఎంతో కాలంగా, అమెరికాలో ఏఎస్‌సీఈ 32 (అక్కడి సివిల్ ఇంజనీర్ల సంఘపు) ప్రమాణం ప్రకారం, గోడ వెంటా, గోడ బయట నేలలో అడ్డంగానూ ఎక్స్‌పీఎస్ ఫోము (దట్టమైన గట్టి పాలీస్టైరీన్) పలకలు పెట్టి, పునాదిని కొన్ని ప్రాంతాల్లో 12 నుంచి 16 అంగుళాల లోతులోనే ఆపుతారు. 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ పలక వేడిని అడ్డుకునే శక్తి దాదాపు 3 మీటర్ల మట్టితో సమానం. అయితే ఆ పద్ధతిలోని సామాన్య రూపం లోపలి గదులు చలికాలమంతా సగటున 18 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటాయన్న షరతు మీద నడుస్తుంది. నేల నుంచి, గదుల నుంచి వచ్చే వేడిని పలక పట్టి ఉంచుతుంది. మీ అతిథిగృహం చలికాలంలో మూసి ఉంటుంది. కాబట్టి వెచ్చని భవనం పట్టికలు మీకు వర్తించవు. వేడి చేయని భవనాలకు వేరే పద్ధతి ఉంది. అందులో పునాది, నేలపలక మొత్తం కింద పలకలు పరిచి, అంచు దాటి బయటికి కూడా పొడిగించి, భూమి లోపలి నుంచి వచ్చే వేడినే పట్టి ఉంచుతారు. మూలల దగ్గర చలి రెండు వైపుల నుంచి వస్తుంది కాబట్టి అక్కడ పలకల వెడల్పు పెంచాలి. పలకల మీద భవనపు బరువు పడుతుంది కనుక వాటి నొక్కుడు బలం చూసి ఎంచుకోవాలి. ప్యాకింగుకు వాడే థర్మోకోల్ ఇందుకు పనికిరాదు. అది నేలలో నీరు పీల్చుకుని కొన్నేళ్లలో తన గుణం కోల్పోతుంది. యజమాని మూడేళ్ల తరువాత చలికాలంలోనూ తెరుద్దామని, లేదా తెరిచినదాన్ని మూసేద్దామని అనుకోవచ్చు. అందుచేత ఎప్పుడూ వేడి లేని భవనంగానే డిజైన్ చేయండి.

లోతుగా వేసిన ఫుటింగు కూడా పక్కల నుంచి లేవవచ్చన్నది మన ప్రాంతం నుంచి వెళ్లినవారికి కొత్త సంగతి. స్తంభం చుట్టూ నింపిన మట్టి సిల్టే అయితే, అది గడ్డకట్టి కాంక్రీటును పట్టుకుని, తాను పొంగేటప్పుడు స్తంభాన్నీ తీసుకుపోతుంది. సన్నమట్టికీ కాంక్రీటుకూ మధ్య ఆ పట్టు చదరపు మీటరుకు సుమారు 65 కిలోన్యూటన్లు ఉంటుందని డిజైన్లో తీసుకుంటారు. 300 మిల్లీమీటర్ల చదరపు పెడస్టల్‌కు మీటరు లోతున 1.2 చదరపు మీటర్ల పక్కలుంటాయి. అంటే 78 కిలోన్యూటన్లు, దాదాపు 8 టన్నుల బలం పైకి లాగుతుంది. రెండంతస్తుల బరువు మోసే స్తంభానికి అది పెద్ద లెక్క కాదు. వరండా స్తంభానికి, ప్రహరీ గోడకు, పోర్టికోకు మాత్రం ప్రాణాంతకం. చలి ప్రాంతాల్లో మొదట దెబ్బతినేవి ఈ తేలికైన భాగాలే. వాటిని ప్రధాన భవనంతో కలపకుండా విడిగా ఉంచి, చుట్టూ తవ్విన సిల్టును కాక బయటి నుంచి తెచ్చిన శుభ్రమైన గులకను నింపండి.

ప్లింత్ బీముల (నేల మట్టం దగ్గర స్తంభాలను కలిపే బీముల) విషయంలోనూ ఇదే. భూకంప ప్రమాణం ఐఎస్ 1893 2016 పటంలో విశాఖ జోన్ 2లో, లేహ్ జోన్ 4లో ఉన్నాయి. కాబట్టి విడి ఫుటింగులను రెండు దిశల్లో టై బీములతో కట్టడం తప్పనిసరిగా భావించండి. అయితే మనం విశాఖలో చేసినట్లు నేల మీద పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు) పరిచి దాని మీదే బీము పోస్తే, చలికాలంలో కింది మట్టి లేచి బీమును మధ్యలో పైకి తోస్తుంది. నల్లరేగడి నేలల్లో అండర్‌రీమ్డ్ (అడుగున వెడల్పు చేసిన) పైళ్ల మీది బీముల కింద 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలడం మీకు తెలిసినదే; లేహ్ సిల్టు మీద కూడా బీము కింద అలాంటి ఖాళీ, లెక్కకట్టిన పొంగు కంటే ఎక్కువగా, ఉండాలి. ఆ ఖాళీలోకి మట్టి జారకుండా రెండు పక్కలా పలకలు నిలబెట్టాలి.

నీటిని దూరం చేయకుండా పై జాగ్రత్తలన్నీ పాటించినా పని సగమే అవుతుంది. మీ దక్షిణపు హద్దులోని కాలువ మీద నాకు చాలా ఆందోళన ఉంది. వేసవిలో పొలాలకు పారే నీరు శరత్తు దాకా సిల్టును తడిపి ఉంచుతుంది, ఆ తరువాత వెంటనే చలి దిగుతుంది. పొంగుకు కావలసినదంతా అక్కడ సిద్ధంగా ఉంటుంది. గోతుల్లో నీటిమట్టాన్ని వేసవి మొదట్లో కాదు, అక్టోబరులో కొలవండి. కాలువకు లైనింగు చేయించడానికి ఊరివారితో మాట్లాడండి. అది వారి ఉమ్మడి నీరు కనుక వారి సమ్మతి లేకుండా దాని దారి మార్చే ప్రయత్నం చేయకూడదు. భవనానికీ కాలువకూ మధ్య సిల్టు అడుగు దాకా అడ్డు కాలువ తవ్వి, గులకతో నింపి, గొట్టం పెట్టి వాలు వైపు వదలండి. వానలు అరుదని పైకప్పు నీటిని నిర్లక్ష్యం చేయకండి. 2010 ఆగస్టులో లేహ్ మీద కురిసిన కుంభవృష్టి, దానితో వచ్చిన బురద ప్రవాహాలు చేసిన ప్రాణనష్టం మరచిపోదగినది కాదు. స్థలం ఏదైనా పాత వాగు దారిలో ఉందేమో కూడా ఈ సందర్భంలోనే చూడండి.

వసంతంలో వచ్చే బలహీనతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గడ్డకట్టిన నేల పైనుంచి కరుగుతుంది. కరిగిన నీటికి కింద ఇంకా గడ్డకట్టి ఉన్న పొర అడ్డు కావడంతో అది దిగలేక మట్టిని బురదగా మారుస్తుంది. చలికాలంలో రాయిలా ఉన్న సిల్టు ఏప్రిల్‌లో మెత్తబడుతుంది. కాబట్టి జనవరిలో చేసిన ఏ పరీక్ష మీదా బేరింగ్ కెపాసిటీ నిర్ణయించరాదు. ఎన్నడూ కరగని శాశ్వత మంచు నేల వేరే విషయం. అక్కడ నేల కరగకుండా కాపాడడమే పని, సైబీరియాలోని యాకుత్స్క్‌లో భవనాలను పైళ్ల మీద నేలకు ఎత్తుగా నిలపడం అందుకే. మీ పని లడఖ్‌లోనే ఇంకా ఎత్తైన చోటికి మారితే అది మళ్లీ మొదటినుంచి ఆలోచించవలసిన సంగతి.

కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రకారం తడిగా ఉండి తీవ్రంగా గడ్డకట్టే పరిస్థితిని 'వెరీ సివియర్' తరగతిగా తీసుకోవాలి: కనీసం ఎం35 గ్రేడు, ఘనమీటరుకు 340 కిలోల సిమెంటు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించకుండా, 20 మిల్లీమీటర్ల కంకరకు 5 శాతం చుట్టూ గాలి బుడగలు కలిపే అడ్మిక్చరుతో. ఫుటింగు కవరు (ఇనుము చుట్టూ ఉండే కాంక్రీటు మందం) 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 5 డిగ్రీల కంటే చలిగా ఉన్నప్పుడు పోయవలసి వస్తే ఐఎస్ 7861 రెండో భాగం చదవండి. పోసిన కాంక్రీటు 3.5 మెగాపాస్కళ్ల బలం రాకముందు ఒక్కసారి గడ్డకట్టినా ఆ నష్టం తరువాత పూడదు. గడ్డకట్టిన నేల మీద మాత్రం ఏ పరిస్థితిలోనూ పోయకండి, ఎందుకంటే అది కరిగిన రోజున ఫుటింగు కింద ఏమీ మిగలదు.

చివరగా పని వరుస గురించి. పూర్తయిన భవనానికి కావలసిన లోతును మాత్రమే డ్రాయింగులో రాసి, మధ్యలో వచ్చే చలికాలాన్ని మరచిపోవడం చాలా చోట్ల జరుగుతుంది. సెప్టెంబరులో ఫుటింగులు పోసి, గోతులు పూడ్చకుండా వదిలి, శ్రీనగర్, లేహ్ మధ్యనున్న జోజిలా కనుమ దారి మూసుకునేలోపు మనుషులు దిగివచ్చేస్తే, 1.5 మీటర్ల లోతున ఉన్న ఫుటింగుకు చలి దృష్టిలో లోతు సున్నాయే. తెరిచి ఉన్న గొయ్యి అడుగు నుంచి చలి నేరుగా దాని కిందికి దిగుతుంది, దాన్ని నొక్కి పట్టడానికి పైన బరువు కూడా ఉండదు. మే, జూన్ నెలల్లో బోర్లు, హైడ్రోమీటర్ పరీక్షలు ముగించండి. జులైలో తవ్వకం, ఆగస్టులో కాంక్రీటు, సెప్టెంబరు ముగిసేలోపు నేల మట్టం దాకా గులక పూడ్పు, నీటి గొట్టాలు పూర్తి కావాలి. సామగ్రి ఆలస్యమై ఈ క్రమం కుదరదని ఆగస్టు మధ్యలో తేలితే, ఈ ఏడాది గోతులు తెరవకుండా ఆపి, ఆ శరత్తును నీటిమట్టం కొలవడానికి వాడుకోమని మీ సంస్థకు రాతపూర్వకంగా చెప్పండి.